మన మందిరం కప్పు, మంగుళూరు పెంకుల ఫ్యాక్టరీ



మన పాత ప్రార్థన మందిరం కప్పు దించేశామని మీలో చాలామందికి తెలుసు. వాసాలు చెదలు పట్టాయి. వానాకాలం వస్తే స్త్రీలు కూర్చునే వైపు బకెట్లు పెట్టుకుని ఆరాధన చేసుకునేవాళ్లం. స్లాబు వేద్దామని సంఘమంతా కలిసి తీర్మానించింది. ఆ రోజు యవ్వనస్థులు పైకెక్కి పెంకులు ఒక్కొక్కటే అందిస్తుంటే కింద పెద్దవాళ్లు దొంతరలు పెట్టారు. వాటిలో అన్నీ ఒక రకం పెంకులు కావు. 1996 నవంబరు 6 తుపానులో మన కప్పు సగం లేచిపోయినప్పుడు, ఎక్కడ పాత ఇల్లు విప్పుతుంటే అక్కడికి వెళ్లి, దొరికిన పెంకులు కొని తెచ్చి కప్పారట. అందుకే ఒక్కో వరుసలో ఒక్కో ఊరి పెంకు ఉంది.

మన సంఘ పెద్ద ఒకాయన ఒక పెంకు తిరగేసి, తువ్వాలుతో మసి తుడిచి నా దగ్గరకు తెచ్చారు. "అయ్యగారండీ, దీని మీద మిషను అని ఉందండి. మనవాళ్లదేనంటారా?" అన్నారు. చూస్తే ఉబ్బెత్తు అక్షరాల్లో బేసెల్ మిషన్ టైల్ వర్క్స్ అని, దాని కింద 1865 అని ఉంది. పక్కనున్న కుర్రాడు "అమ్మో, నూట అరవై ఏళ్ల పెంకా!" అన్నాడు. నిజానికి అది ఆ పెంకు చేసిన సంవత్సరం కాదు, ఆ ఫ్యాక్టరీ పుట్టిన సంవత్సరం. అచ్చులోనే ఆ అంకె ఉండేది కాబట్టి ఆ తరువాత చేసిన పెంకుల మీదా అదే పడింది.

ఆ పెంకు ఇప్పుడు నా బల్ల మీద ఉంది. సువార్త చెప్పడానికి వచ్చిన మిషను పెంకుల ఫ్యాక్టరీ ఎందుకు పెట్టింది? ఆ కథ తెలుసుకుంటూ వెళ్తే, నేను చేసిన ఒక తప్పు దగ్గరకు వచ్చి ఆగాను. ఈ వారం ధ్యానంలో ఆ రెండూ మీ ముందు పెడుతున్నాను.

బాప్తిస్మం తీసుకున్న మర్నాడు

స్విట్జర్లాండు దేశంలో బేసెల్ అనే పట్టణం ఉంది. 1815లో అక్కడ కొందరు విశ్వాసులు ఒక మిషనరీ సంఘం స్థాపించారు. స్విస్ వాళ్లూ, దక్షిణ జర్మనీ వాళ్లూ అందులో ఎక్కువ. రైతుల పిల్లలు, చేతివృత్తులవారి పిల్లలు శిక్షణ పొంది మిషనరీలుగా బయలుదేరేవారు. 1833లో బ్రిటిషు పార్లమెంటు చేసిన చట్టంతో ఇతర దేశాల మిషనరీలకు కూడా మన దేశం తలుపు తెరుచుకుంది. మరుసటి సంవత్సరం, 1834లో, హెబిక్, లెనర్, గ్రైనర్ అనే ముగ్గురు మంగుళూరు చేరారు.

వాళ్లు బడులు పెట్టారు. 1841లో అచ్చుయంత్రం పెట్టారు. కన్నడంలో తొలి వార్తాపత్రిక మంగళూర సమాచార 1843లో ఆ మిషనరీలలో ఒకరైన మోగ్లింగ్ సంపాదకత్వంలోనే వచ్చింది. సువార్త విని కొందరు ముందుకు వచ్చారు. కష్టం అక్కడి నుంచే మొదలైంది.

ఆ తీరంలో విశ్వాసంలోకి వచ్చినవారిలో బిల్లవలు చాలామంది. కల్లుగీత వారి వృత్తుల్లో ఒకటి. పేరులోనే తాటిచెట్టును పెట్టుకున్న మన ఊరికి ఆ పని గురించి నేను చెప్పనక్కరలేదు. కల్లు తీయడం, అమ్మడం క్రైస్తవుడికి తగదని మిషనరీలు చెప్పారు. దాంతో బాప్తిస్మంతోపాటు వృత్తి కూడా వదలాల్సి వచ్చేది. కొందరు కౌలు రైతులు. మతం మారితే భూస్వామి పొలం నుంచి వెళ్లగొట్టేవాడు. ఇంటివాళ్లు గడప తొక్కనిచ్చేవారు కాదు, ఉమ్మడి ఆస్తిలో చోటు పోయేది. ఆదివారం బాప్తిస్మం తీసుకున్నవాడు సోమవారం పొద్దున్న ఎక్కడికి వెళ్లాలి? పొయ్యి మీదికి ఏమి ఎక్కాలి?

ఈ ప్రశ్న మిషనరీలను వదల్లేదు. మొదట భూమి కొని వ్యవసాయం చేయిద్దామనుకున్నారు, కాఫీ తోట వేశారు, అది నిలబడలేదు. గడియారాలు చేయడం నేర్పి చూశారు, ఆ సరుకుకు గిరాకీ లేకపోయింది. వడ్రంగం, పుస్తకాల బైండింగు నేర్పారు. నేత మాత్రం నిలదొక్కుకుంది. మంగుళూరు నేతశాలలో 1850ల నాటికి మంచి గుడ్డ తయారైంది. పోలీసువాళ్లు వేసుకునే ఖాకీ రంగును అక్కడ పనిచేసిన జాన్ హాలరే అద్దకంలో తెచ్చాడని చెబుతారు. ఈ పనులన్నీ చూసుకోవడానికి బేసెల్‌లో ప్రత్యేకంగా ఒక కమిటీ వేశారు. 1859లో వ్యాపారం కోసం వేరే కంపెనీ కూడా ఏర్పడింది. ఇన్ని ప్రయత్నాలూ ఓటములూ దాటిన తరువాతే పెంకుల ఫ్యాక్టరీ వచ్చింది.

నది ఒడ్డున మట్టి

జార్జ్ ప్లెబ్‌స్ట్ అనే మిషనరీ మంగుళూరు అచ్చుయంత్రం దగ్గర పనిచేసేవాడు. యంత్రాల పని బాగా తెలిసినవాడు. నేత్రావతి ఒడ్డున కుమ్మరులు వాడే బంకమన్ను అతని కంట పడింది. ఐరోపాలో ఉన్నప్పుడు మట్టిపని, పెంకుల పని నేర్చుకుని తిరిగి వచ్చాడు. 1865లో మంగుళూరులోని జెప్పు ప్రాంతంలో, నదికి దగ్గరలో, మిషను పెంకుల ఫ్యాక్టరీ మొదలైంది. మట్టిని పిసికే యంత్రాన్ని మొదట్లో ఎద్దులే తిప్పాయి. ఆవిరి యంత్రం తరువాత వచ్చింది.

ఆ పెంకు నమూనా కూడా దూరం నుంచి వచ్చిందే. 1841లో ఆల్సాస్ ప్రాంతంలో గిలార్డోని సోదరులు ఒక పెంకుకు పేటెంటు తీసుకున్నారు. దాని అంచున ఒక గాడి, మరో అంచున ఒక గట్టు ఉంటాయి. పక్క పెంకు గట్టు ఈ పెంకు గాడిలో కూర్చుంటుంది. మన గూనపెంకుల్లాగా ఒకదాని మీద ఒకటి మందంగా పేర్చాల్సిన పని లేదు. కప్పు బరువు తగ్గుతుంది, కలప తక్కువ పడుతుంది, గాలికి అంత తేలికగా జారదు, కోతులు తిరిగినా గూనపెంకులంత త్వరగా చెదరదు. మన వైపు బెంగుళూరు పెంకు అని కొందరు, మంగుళూరు పెంకు అని కొందరు అనేది ఈ పలక పెంకునే.

ఆ రోజుల్లో పెంకుల ఫ్యాక్టరీ భవనం ఎలా ఉండేదో చెబుతాను, ఎందుకంటే భవనమంతా పనిని బట్టి కట్టిందే. నది నుంచి పడవల మీద మట్టి వచ్చి ఒక పక్క గుట్టలుగా పడేది. అది కొన్నాళ్లు ఎండకూ వానకూ నానాలి. తరువాత నీళ్లు కలిపి, రాళ్లూ వేళ్లూ తీసేసి, యంత్రంలో మెత్తగా పిసుకుతారు. బయటికి దిమ్మగా వచ్చిన మట్టిని పలకలుగా కోసి, నూనె రాసిన అచ్చులో పెట్టి, ప్రెస్సుతో నొక్కుతారు. అక్షరాలు పడేది అప్పుడే. అంచులు కత్తితో చెక్కి, చెక్క పలకల మీద వరుసగా ఆరబెడతారు.

ఆరబెట్టే చోటే ఆ భవనంలో గొప్ప సంగతి. కింద నడిమధ్యలో బట్టీ ఉంటుంది. దాని పైన రెండు మూడు అంతస్తులు, చెక్కతో వేసిన నేల, బద్దకూ బద్దకూ మధ్య సందులు. బట్టీలో మంట వేస్తే పైకి లేచే వేడి ఆ సందుల్లోంచి వెళ్లి పై అంతస్తుల్లోని పచ్చి పెంకులను ఆరబెడుతుంది. కింద కాలుతున్న పెంకుల వేడితో పైన పెంకులు ఆరతాయి. ఎండలో పెడితే పచ్చి పెంకు పగులుతుంది, అందుకని నీడలో, సన్నని వేడిలో, రోజుల తరబడి ఆరాలి. ఆరాక బట్టీలోకి వెళ్తాయి. రోజుల తరబడి మండించి, మళ్లీ నెమ్మదిగా చల్లార్చాలి. బయటికి తీశాక ఒక్కో పెంకును వేలితో కొట్టి చూస్తారు. గంటలా ఖంగుమంటే మంచిది. మొద్దుగా మోగితే ఎక్కడో పగులుంది, పక్కన పెట్టేస్తారు.

నేను ఆ పెంకును బల్ల మీద పెట్టి కొట్టి చూశాను. ఇంకా మోగుతోంది.

ప్రభుత్వ భవనాలకు మంగుళూరు పెంకు వాడమని అప్పటి ప్రభుత్వం సిఫారసు చేసింది. రైల్వే స్టేషన్లు, కచేరీలు, బడులు, చర్చీలు ఆ పెంకు కప్పుకున్నాయి. ఓడల మీద సిలోనుకు, ఏడెన్‌కు, తూర్పు ఆఫ్రికాకు వెళ్లింది. 1873లో కోజికోడ్‌లో, తరువాత కుద్రోళి, మల్పె, కొడక్కల్, పాలక్కాడ్‌లలో, 1905లో ఫెరోక్‌లో, ఇలా మొత్తం ఏడు చోట్ల మిషను పెంకుల ఫ్యాక్టరీలు లేచాయి. మిషనే కాకుండా స్థానికులు కూడా ఫ్యాక్టరీలు పెట్టారు. 1868లోనే ఆల్బుకర్క్ కుటుంబంవారి ఫ్యాక్టరీ మొదలైంది. కొన్నాళ్లకు ఆ తీరమంతా పొగగొట్టాలు కనిపించేవి.

అన్నం పెట్టిన చెయ్యి

ఈ ఫ్యాక్టరీ చేసిన మేలు చిన్నది కాదు. కులం పేరు చెప్పి పని ఇవ్వని రోజుల్లో, ఎవరి పక్కన ఎవరైనా నిలబడి మట్టి పిసికే చోటు అది. నెల తిరిగితే చేతికి జీతం వచ్చేది. పని గంటతో మొదలయ్యేది, గంటతో ఆగేది, ఆదివారం సెలవు. ఉదయం ప్రార్థనతో పనిలోకి దిగేవారు. స్త్రీలకూ పని దొరికింది. ఫ్యాక్టరీలు పెరిగిన కొద్దీ క్రైస్తవులు కానివారు కూడా వాటిలో పనిచేశారు. అక్కడ పని నేర్చుకున్నవారు ఇతర ఫ్యాక్టరీలలో మేస్త్రీలయ్యారు. బాప్తిస్మంతో రోడ్డున పడ్డ కుటుంబాలు ఒకటి రెండు తరాల్లో చదువుకున్న కుటుంబాలయ్యాయి.

అయితే ప్రియులారా, చరిత్ర చదివేటప్పుడు మనవాళ్లు చేసిందంతా మంచేనని చదవకూడదు. ఆ పెంకులో ఖంగుమనే చోటూ ఉంది, మొద్దుగా మోగే చోటూ ఉంది.

మొదటిది, సంఘానికి కాపరీ ఫ్యాక్టరీకి యజమానీ ఒకే మిషను అయ్యింది. ఆదివారం ప్రసంగం వినిపించేదీ మిషనే, సోమవారం జీతం లెక్క చూసేదీ మిషనే. ఒకడు ప్రార్థనకు వస్తున్నాడంటే దేవుని మీద ప్రేమతోనా, పని పోతుందన్న భయంతోనా? ఆ మనిషికే తెలియకపోవచ్చు. మిషనరీ వ్యాపారం చేయవచ్చా అనే వాదన ఆ మిషనులోనే జరిగింది. వ్యాపారానికి వేరే కంపెనీ ఏర్పరచడం వెనుక ఈ ఇబ్బంది కూడా ఉంది.

రెండవది, ఆశ్రయం అలవాటైంది. పనికీ ఇంటికీ బడికీ మందుకూ అన్నిటికీ మిషను వైపే చూడడం వల్ల, తమ కాళ్ల మీద నిలబడే సంఘంగా ఎదగడం ఆలస్యమైంది.

మూడవది మనం అసలు తలచుకోనిది. యంత్రంలో వేలకొద్దీ పెంకులు వస్తుంటే ఊరి కుమ్మరి ఏమయ్యాడు? మన కోనసీమలో కూడా పూర్వం గూనపెంకులు కుమ్మరులే చేసేవారు. సారె మీద గొట్టంలా తీసి, పచ్చిగా ఉండగానే నిలువునా రెండుగా చీల్చి, ఆవంలో కాల్చేవారు. ఇంటికి కొత్త కప్పు వేయాలంటే కుమ్మరికి కబురు వెళ్లేది. ఫ్యాక్టరీ పెంకు ఊరూరా వచ్చాక ఆ కబురు ఆగిపోయింది. మట్టిని గుర్తుపట్టడం కుమ్మరి దగ్గరే చూసి నేర్చుకున్నారు, చివరికి ఆ మట్టిపనే కుమ్మరి చేతిలోంచి జారిపోయింది. ఎవరూ కావాలని చేయలేదు. ఒకరికి అన్నం పెట్టిన మంచి పనే మరొకరి పొయ్యి ఆర్పగలదని మాత్రం మనం గుర్తుంచుకోవాలి.

యుద్ధం వచ్చినప్పుడు

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. మిషనరీలలో జర్మనులు ఎక్కువ. నిన్నటిదాకా బడి నడిపినవాడు ఒక్కసారిగా శత్రుదేశస్థుడయ్యాడు. వారిని నిర్బంధించి, తరువాత వారి దేశాలకు పంపేశారు. ఫ్యాక్టరీలను ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. 1919లో ఏర్పడిన కామన్‌వెల్త్ ట్రస్ట్ అనే బ్రిటిషు సంస్థ చేతికి అవి వెళ్లాయి. పెంకు మీద పేరు మారింది.

ఎనభై ఏళ్లు చెయ్యి పట్టుకుని నడిపించిన మిషను ఒక్కసారిగా చెయ్యి వదిలింది. అప్పుడు ఆ సంఘాలు చెదిరిపోవాలి కదా? చెదరలేదు. స్థానిక కాపరులు, ఉపదేశకులు, సంఘ పెద్దలు నిలబడ్డారు. మలబారు, కన్నడ తీరపు సంఘాలు తరువాతి కాలంలో, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో భాగమయ్యాయి. ఫ్యాక్టరీ చేతులు మారినా సంఘం నిలిచింది.

ఆ తరువాత ఫ్యాక్టరీల వంతు వచ్చింది. సిమెంటు స్లాబు వచ్చింది, రేకు వచ్చింది. మంచి బంకమన్ను దొరకడం కష్టమైంది, దాన్ని తవ్వడం మీద ఆంక్షలు వచ్చాయి, కట్టెల ధర పెరిగింది. మంగుళూరులోను, ఫెరోక్ వైపు కూడా పెంకుల ఫ్యాక్టరీలు ఒకదాని తరువాత ఒకటి మూతపడ్డాయి. లోకానికంతా కప్పు వేసిన ఆ భవనాల్లో చాలావాటికి చివరికి సొంత కప్పే నిలవలేదు.

మన గోదావరి సంగతి

మన వైపు సువార్త వచ్చిన తీరు కొంచెం వేరు. బేసెల్ వాళ్లు మంగుళూరు చేరిన రెండేళ్లకు, 1836లో, విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు తమ కుటుంబాలతో మచిలీపట్నం చేరారు. ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ అనే చిన్న పట్టణం వారిది. బౌడెన్ రాతిపని చేసే మేస్త్రీ, బీర్ చెప్పులు కుట్టే పనివాడు. అక్కడి నుంచి నరసాపురం, పాలకొల్లు వచ్చి గోదావరి డెల్టాలో పరిచర్య చేశారు. వారి వెనుక పెద్ద కంపెనీ లేదు, ఫ్యాక్టరీ లేదు.

కాని ఆ రోజుల్లోనే మన ప్రాంతానికి పెద్ద పని వచ్చింది. 1847 నుంచి 1852 వరకు కాటన్ దొరగారు ధవళేశ్వరం ఆనకట్ట కట్టించారు. కాలువలు తవ్వించారు. మన లంకకు నీళ్లు తేవడానికి గన్నవరం దగ్గర వైనతేయ మీద 49 కమానుల అక్విడక్టు లేచింది. వేలాదిమంది కూలీలు పనిచేసిన ఆ చోట్లకు మిషనరీలు వెళ్లి సువార్త చెప్పారు. మంగుళూరులో మిషను పని కల్పించి మనుషుల్ని నిలబెట్టింది. ఇక్కడ పని ఉన్న చోటికి సువార్త నడిచి వెళ్లింది. రెండు చోట్లా మాత్రం ఒక సంగతి ఒకటే: మనిషి ఆత్మ గురించి మాట్లాడినవారు అతని చేతుల గురించి కూడా ఆలోచించాల్సి వచ్చింది.

నేను ఆలోచించలేదు. ఇప్పుడు ఆ మాట చెప్పాలి.

నా తప్పు

నేను ఈ ప్రాంతానికి వచ్చిన కొత్తలో ఒక గీత కార్మికుడు సంఘానికి రావడం మొదలుపెట్టాడు. పేరు చెప్పను. వెనక వరుసలో గోడకు ఆనుకుని కూర్చునేవాడు, మోకుకు రాసుకుపోయిన చేతులు ఒళ్లో పెట్టుకుని. బాప్తిస్మం అడిగాడు. "ముందు ఆ వృత్తి మానెయ్యి" అన్నాను. చెప్పడానికి నాకు ఒక నిమిషం పట్టింది. అతను మానేశాడు. మోకు, కత్తి ఎవరికో ఇచ్చేశాడు. మేమంతా చప్పట్లు కొట్టి స్తుతించాం.

ఆ తరువాత అతను ఏం తిన్నాడో నేను అడగలేదు. కొబ్బరి దింపులకు వెళ్లాడు, ఆ పని రోజూ ఉండదు. పెద్దపిల్ల చదువు మానేసింది. ఒకసారి సంఘంలోనే ఒకరిని అప్పు అడిగితే, "ప్రార్థన చేసుకో, దేవుడిస్తాడు" అన్నారట. కొన్ని నెలలకు రావడం మానేశాడు. నేను ఇంటికి వెళ్లేసరికి తాళం వేసి ఉంది. హైదరాబాదు వెళ్లి ఏదో అపార్టుమెంటు దగ్గర కాపలా ఉంటున్నాడని పక్కింటావిడ చెప్పింది. "మీ దేవుడు మంచోడేనండి, మీరే…" అని ఆపేసింది.

ఆ మాట ఇన్నేళ్లూ నాతోనే ఉంది. పెంకు మీద ఆ మిషను పేరు చూసినప్పుడు మళ్లీ వినిపించింది. ఆ పాత మిషనరీలు కూడా కల్లుగీత మానమన్నారు. కాని మానినవాడి పొయ్యి గురించి నిద్రపోకుండా ఆలోచించారు. కాఫీ తోట పోయింది, గడియారాలు పోయాయి, అయినా వదల్లేదు. వాళ్లు చేసిన పొరపాట్లు ఇంతకుముందే చెప్పాను. కాని నేను పొరపాటు చేయడానికి కూడా ప్రయత్నించలేదు. ఒక వాక్యం చెప్పి ఇంటికి వెళ్లి అన్నం తిన్నాను.

యిర్మీయా ప్రవక్తతో దేవుడు మాట్లాడాలనుకున్నప్పుడు కుమ్మరి ఇంటికి దిగి వెళ్లమన్నాడు, అక్కడ నా మాట వింటావని చెప్పాడు. ఆ అధ్యాయం మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. మనం మట్టి, ఆయన కుమ్మరి అని చెప్పుకుంటాం, అది సత్యమే. కాని ప్రవక్త వెళ్లింది ఒకడు చెమటోడ్చి పనిచేసుకునే చోటికి అని ఎప్పుడైనా గమనించామా? దినవృత్తాంతాల మొదటి గ్రంథం నాలుగవ అధ్యాయం చివర, వంశావళుల మధ్య, కుమ్మరులను గురించి ఒక చిన్న మాట ఉంది. వాళ్లు రాజు పని కోసం రాజు దగ్గరే కాపురమున్నారట. పేర్లు చదవడం కష్టమని మనం దాటేసే ఆ పుటలో, మట్టి పిసికేవారిని దేవుడు మరువకుండా రాయించాడు. పౌలు కొరింథులో అకుల ఇంట డేరాలు కుట్టి బ్రతికాడు. దేవుని గ్రంథంలో పని అనేది ఆత్మీయతకు బయట లేదు.

మనమేం చేద్దాం

మనం ఫ్యాక్టరీ పెట్టలేము. మన ఊరికి ఫ్యాక్టరీ అంటే ఓఎన్‌జీసీ రిఫైనరీయే. అక్కడ పని అందరికీ దొరకదు. మన అక్కచెల్లెళ్లు కువైట్, మస్కట్, దుబాయ్ ఇళ్లలో వంట చేసి, పిల్లల్ని అమ్మమ్మల దగ్గర వదిలి, సంఘానికి కానుకలు పంపుతున్నారు. ఈ కొత్త స్లాబులో వాళ్ల చెమట ఎంతో ఉంది. అది చదువుతున్న అమ్మా, నీ కానుక మాత్రమే లెక్క రాసుకుని నీ పిల్లల సంగతి అడగకపోతే, నేను రెండోసారి అదే తప్పు చేసినవాణ్ణి అవుతాను.

సంఘ పెద్దలతో కూర్చుని మాట్లాడాను. పాత వాసాలు, పెంకులు అమ్మగా వచ్చిన డబ్బు భవన నిధిలో కలపడం లేదు. పని నేర్చుకునేవారి కోసం విడిగా పెడుతున్నాం. ఎలక్ట్రికల్ పని, కుట్టుపని, ఏసీ మెకానిక్ పని, ఏదైనా సరే. మొత్తం పెద్దది కాదు, ఇద్దరు ముగ్గురికి సరిపోతుందేమో. మంగుళూరు కథ నుంచి నేర్చుకుని మూడు నియమాలు పెట్టుకున్నాం.

ఈ డబ్బు నా చేతిలో ఉండదు. స్త్రీలు, పురుషులు కలిసిన నలుగురి కమిటీ చూస్తుంది. కాపరే ఇచ్చేవాడైతే, నా ప్రసంగం నచ్చనివాడు నాతో ఆ మాట చెప్పలేడు.

బాప్తిస్మానికీ దీనికీ ముడి ఉండదు. సంఘానికి రాని ఇంటి పిల్లవాడు అడిగినా ఇస్తాం. ఇచ్చాక ఆదివారం వచ్చాడా లేదా అని లెక్క చూడం.

ఎవరినైనా ఏ పనైనా మానమని చెప్పేముందు, ఆ కుటుంబంతో కూర్చుని, మానిన మర్నాడు ఏమిటో ముందు మాట్లాడతాం. సమాధానం లేకపోతే, సమాధానం దొరికేదాకా వారితోపాటు వెతుకుతాం.

ఈ నిధిలో మొదటి పేరు ఎవరిదో నా మనసులో ఉంది. ఆ గీత కార్మికుడి చిన్నకొడుకుకు ఇప్పుడు పద్దెనిమిది ఏళ్లు ఉంటాయి. ఫోను నంబరు కోసం వెతుకుతున్నాను. దొరికితే ముందు క్షమాపణ అడుగుతాను. డబ్బు మాట ఆ తరువాత. అతను తీసుకుంటాడో, ఫోను పెట్టేస్తాడో నాకు తెలియదు. పెట్టేసినా అతనిదే న్యాయం.

ఆ పెంకు ఏం చేస్తారని కుర్రాళ్లు అడుగుతున్నారు. కొత్త మందిరంలో బలిపీఠం దగ్గర పెడదామన్నారు ఒకరిద్దరు. వద్దన్నాను. కమిటీ కూర్చునే గదిలో బల్ల మీద ఉంటుంది, కాగితాలు ఎగిరిపోకుండా. ఎవరైనా సహాయం అడగడానికి వచ్చినప్పుడు దాని మీది పేరు కనబడుతుంది. ఎప్పుడో ఎక్కడో ఎవరో, విశ్వసించినవాడు ఆకలితో ఉండకూడదని మట్టి పిసికారని మాకు గుర్తు చేస్తుంది. అన్నం పెట్టే చెయ్యి మనిషిని కట్టేసే చెయ్యి కాకూడదని కూడా గుర్తు చేస్తుంది.

ప్రార్థన చేద్దాం. మమ్మల్ని మట్టితో చేసిన తండ్రీ, మా మాటలతో ఒకరి పొయ్యి ఆరిపోయి ఉంటే మమ్మల్ని క్షమించు. దూరదేశంలో ఇతరుల ఇళ్లలో పనిచేస్తున్న మా బిడ్డలను కాపాడు. పని వెతుక్కుంటున్నవారికి పని చూపించు, అది చూపించేటప్పుడు మా చేతులు కూడా వాడుకో. తాళం వేసి ఉన్న ఆ ఇంటివారిని ఎక్కడున్నా దీవించు. ఆమేన్.

వచ్చే ఆదివారం ఆరాధన పందిరి కిందే జరుగుతుంది. ఎండగా ఉంటుంది కాబట్టి పిల్లలకు మంచినీళ్లు తెచ్చుకోండి.

మీ కాపరి